గ్రూపులో 480 మంది, గట్టు మీద 11 మంది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోన్ చుట్టూనే తిరిగాయి. చెరువు కోసం కొట్లాడే కాలనీవాళ్లు, ఇంట్లో పెద్దలతో మాటలు ఆగిపోయినవాళ్లు, బెదిరింపులకు నిద్ర పట్టనివాళ్లు రాశారు. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి, నలుగురికీ పనికొచ్చేవి ఎంచుకున్నాం.

ప్రశ్న: మా కాలనీ పక్కన చెరువుంది. రాత్రిళ్లు టిప్పర్లతో మట్టి, కూల్చిన ఇళ్ల శిథిలాలు తెచ్చి పోస్తున్నారు. వాట్సాప్ గ్రూపు పెడితే నెలలో 480 మంది చేరారు. ఒక రీల్‌ను 40 వేల మంది చూశారు. ఆదివారం పొద్దున అందరం గట్టు మీదికి రండి అని పిలిస్తే 11 మంది వచ్చారు. తల తీసేసినట్టయింది. తప్పెక్కడ జరిగింది?
– కె., బాచుపల్లి వైపు

జవాబు: తల తీసేసినట్టు ఏం లేదు. ఆదివారం నిద్ర మానుకుని వచ్చిన 11 మంది ఏ పోరాటానికైనా చాలినంత మొదలు. మీ తప్పు లెక్కలో ఉంది. గ్రూపులో ఉన్న 480 మందినీ పనిచేసేవాళ్లు అనుకున్నారు. వాళ్లు చూసేవాళ్లు. లింకు నొక్కడానికి ఒక్క క్షణం చాలు, చెప్పులు తొడుక్కుని బయల్దేరడానికి ఇంకేదో కావాలి.

దీని మీద కెనడా పరిశోధకులు చేసిన ప్రయోగాలు 2014లో అచ్చయ్యాయి. నలుగురికీ కనిపించేలా చిన్న మద్దతు తెలిపినవాళ్లను తర్వాత అసలు సాయం అడిగితే, అదే మద్దతును గుట్టుగా తెలిపినవాళ్ల కంటే తక్కువగా ముందుకొచ్చారు. మంచివాళ్లమని అందరికీ తెలిసిపోయాక, ఇంకా చేయాల్సింది ఉందని మనసుకు తోచదు. మీ రీల్‌ను షేర్ చేసినవాళ్లలో చాలామంది చెరువుకు తమ వంతు చేసేశామనే అనుకుని ఉంటారు.

అదే ఏడాది ఆగస్టులో ఐస్ బకెట్ ఛాలెంజ్ పేరుతో ప్రపంచమంతా నెత్తిన ఐసు నీళ్లు పోసుకుని వీడియోలు పెడుతుంటే, హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి దాన్ని బియ్యం బకెట్‌గా మార్చారు. ఒక బకెట్ బియ్యం అవసరమున్న ఒక మనిషికి ఇచ్చి ఫొటో పెట్టడం, అంతే. ఏం చేయాలి, ఎవరికి చేయాలి, ఎక్కడితో అయిపోతుంది అన్నది చదవగానే తెలిసిపోతుంది. 'అందరం రండి' అన్న మీ పిలుపులో ఈ మూడూ లేవు. వచ్చి ఏం చేయాలో తెలియనివాడు రాడు.

ఈసారి ఇలా రాసి చూడండి: 'ఆదివారం పొద్దున 6.30, తూము దగ్గర. 40 నిమిషాల పని. ఫొటోలకు ఆరుగురు, గట్టు కొలవడానికి నలుగురు, దరఖాస్తు రాయడానికి ఇద్దరు కావాలి. మీరు ఏ పనికి?' కింద పోల్ పెట్టండి. అందులో 'చూస్తాను' అనే గడి మాత్రం పెట్టకండి, అందరూ దాన్నే నొక్కుతారు. శనివారం సాయంత్రం, ఒప్పుకున్న ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. పెళ్లి పత్రిక వాట్సాప్‌లో పడేసి ఊరుకుంటే బంధువులు ఏమంటారో తెలుసు కదా, ఇదీ అంతే.

గ్రూపును రెండుగా చీల్చండి. 480 మంది ఉన్నదాంట్లో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చి, వారానికి రెండు మూడు కబుర్లకు మించి పెట్టకండి. పనిచేసే పదిహేను మందికి వేరే గ్రూపు ఉండాలి. ఒకే గ్రూపయితే 'ఇప్పుడే టిప్పర్ వచ్చింది' అన్న కబురు గుడ్‌మార్నింగ్ పూల కింద పూడిపోతుంది.

ఇక సాక్ష్యం. ప్రతి చోటా మూడు ఫొటోలు తీయాలి. దూరం నుంచి ఒకటి, అందులో కదలని గుర్తు ఏదైనా పడాలి: గుడి గోపురం, సెల్ టవర్, నంబరున్న కరెంటు స్తంభం. మధ్య దూరం నుంచి ఒకటి, బండి నంబరు కనిపించేలా. దగ్గర నుంచి ఒకటి, పోసిన కుప్ప ఎంతుందో తెలిసేలా. పక్కన మనిషి నిలబడితే ఎత్తు తెలుస్తుంది. తేదీ, అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీదే పడే జీపీఎస్ కెమెరా యాప్ వాడండి. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు: వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైల్ లోపల దాగి ఉండే తేదీ, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. అసలు ఫైళ్లు తీసిన ఫోన్‌లోంచి చెరపకండి. ఇంకో మాట, రాత్రి టిప్పర్‌కు అడ్డంగా వెళ్లి నిలబడకండి. 100కు ఫోన్ చేసి, చేసిన టైము రాసుకోండి.

ఫొటోల తర్వాత కాగితం. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మీ చెరువు పటం, పూర్తి నీటిమట్టం అంటే ఎఫ్‌టీఎల్ గీత, దాని కింద వచ్చే సర్వే నంబర్లు చూడండి. ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిందా, తుది నోటిఫికేషన్ అయిందా అన్నది ముఖ్యం. తుది కాకపోతే అవతలివాళ్లు పట్టుకునే మొదటి కొమ్మ అదే. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. కుప్ప ఎఫ్‌టీఎల్ లోపలుందా, బఫర్‌లో ఉందా అన్నది తేల్చుకుని దరఖాస్తులో రాయండి. 'చెరువును మింగేస్తున్నారు' అని రాస్తే ఏ అధికారీ కదలడు. 'ఫలానా సర్వే నంబరులో, గీతకు లోపల, ఫలానా తేదీ రాత్రి' అని రాస్తే కదలక తప్పదు.

దరఖాస్తు ఒకటి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో, ఇంకొకటి చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పడిన హైడ్రాలో ఇవ్వండి. రసీదు, నంబరు లేకుండా వెనక్కి రావద్దు. రీల్‌లో పెట్టాల్సింది ఆ నంబరు. 40 వేల మంది ఒక నంబరును చూస్తున్నారంటే ఆఫీసులో ఆ ఫైలుకు విలువ వేరుగా ఉంటుంది. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగండి: 'మా దరఖాస్తు మీద ఏ తేదీన, ఏ హోదా అధికారి, ఏ చర్య తీసుకున్నారు? ఫైలు నోట్ నకలు ఇవ్వండి.' ఎందుకు తీసుకోలేదు అని అడగకండి. కారణాలు అడిగితే 'ఇది సమాచారం కిందికి రాదు' అని తిప్పి కొడతారు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. వేరే శాఖకు సంబంధించిందైతే 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి, మిమ్మల్ని తిప్పకూడదు.

పోస్టుల్లో రెండు జాగ్రత్తలు. 'ఫలానా నాయకుడి బినామీ పని' అని పేరు పెట్టి రాయకండి. రుజువు చేయలేకపోతే పరువు నష్టం కేసు మీ మీదికి వస్తుంది, అది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. చెరువు సంగతి మర్చిపోయి కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. రెండోది బొమ్మలు. 2025 మార్చి ఆఖరులో కంచ గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు విద్యార్థుల వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేయమంది. చెట్లు కొట్టింది నిజం. కానీ ఆ నిజం ఫొటోల మధ్య ఏఐతో చేసిన జింకల, నెమళ్ల బొమ్మలూ తిరిగాయి. ప్రభుత్వం వాటినే ఎత్తి చూపి మొత్తం ప్రచారమే బూటకమంది. దొంగ బొమ్మ ఒక్కటి చాలు, వంద నిజం ఫొటోలకు మీరు సంజాయిషీ చెప్పుకోవాలి. గ్రూపులో ఎవరైనా అలాంటిది పెడితే మొహమాటం లేకుండా అడ్మిన్ తీసేయాలి.

ప్రశ్న: మా ఇంటి గ్రూపులో 34 మందిమి ఉన్నాం. పెద్దనాన్న రోజుకు ఇరవై ఫార్వర్డులు పెడతారు. ఒకటి పచ్చి అబద్ధమని నేను గ్రూపులోనే లింకు పెట్టాను, కింద నవ్వే బొమ్మ కూడా పెట్టాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. దసరాకు జమ్మి ఇచ్చి కాళ్లు మొక్కితే తలమీద చెయ్యి పెట్టారు గానీ నోరు విప్పలేదు. నేను చెప్పింది తప్పా?
– ఎస్., మల్కాజ్‌గిరి

జవాబు: చెప్పింది తప్పు కాదు, చెప్పిన చోటు తప్పు. ఆ గ్రూపులో ఆయన కోడళ్లున్నారు, మనవలున్నారు, బహుశా వియ్యంకులూ ఉన్నారు. నడి ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు లేచి 'పెద్దనాన్నా, నీకేం తెలియదు' అంటారా? గ్రూపులో అన్నది అదే. పైగా నవ్వే బొమ్మ. మీరు తేలికపరచడానికి పెట్టారు, ఆయనకది వెక్కిరింతగా కనిపించింది. 2005లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో, తమ వ్యంగ్యం అవతలివాళ్లకు అర్థమవుతుందని రాసినవాళ్లు 78 శాతం నమ్మారు. రాతలో సరిగ్గా అర్థమైంది 56 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా ఇంచుమించు అంతే వస్తుంది. అవే మాటలు గొంతుతో చెప్తే 73 శాతం అర్థమయ్యాయి. అందుకే ఈ మరమ్మతు రాతతో అయ్యేది కాదు. ఫోన్ కూడా వద్దు, ఇంటికే వెళ్లండి. జమ్మి తీసుకుని తలమీద చెయ్యి పెట్టారంటే తలుపు మూయలేదన్నమాట.

వెళ్లాక వార్త నిజమా అబద్ధమా అన్న ఊసు ముందు ఎత్తకండి. 'అందరి ముందు అట్లా పెట్టకుండా ఉండాల్సింది పెద్దనాన్నా, మీకు ఫోన్ చేసి అడగాల్సింది' అంటే చాలు. క్షమించండి అన్న మాట మన ఇళ్లల్లో బరువుగా పడుతుంది, వాడకపోయినా ఫర్వాలేదు. చాయ్ అయ్యాక, ఆయన ఫోన్‌లోనే ఒక విషయం చూపించండి: సందేశం పైన రెండు బాణాలు కనిపిస్తే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది, మామూలు ఫార్వర్డు ఒకసారికి ఐదు చాట్‌లకు పోతుంది. 'రెండు బాణాలుంటే నాకు పంపండి, నేను చూసి చెప్తా' అనండి. పెద్దాయనకు మీరు తప్పులు పట్టేవాడు కాకుండా చేదోడు అవుతారు. తెలుగులో నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్‌లీ మన హైదరాబాద్‌దే, వాళ్ల పేజీ చూడటం నేర్పండి.

ఒక్క సందర్భంలో మాత్రం మర్యాద పక్కన పెట్టాలి. ఎవరి మీదికైనా జనాన్ని ఉసిగొల్పే సందేశమైతే ఆ క్షణమే గ్రూపులో ఆపాలి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు పాకింది. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఫార్వర్డుకు ఐదు చాట్‌ల పరిమితి మన దేశంలో వచ్చింది ఆ ఏడాది జులైలోనే, ఇలాంటి చావుల తర్వాతే. అప్పుడు కూడా మనిషిని కాదు, సందేశాన్ని ఉద్దేశించి రాయండి: 'ఇది నిజం కాదు. పోలీసులు ఖండించారు. ఎవరూ ముందుకు పంపకండి.' లింకు కింద పెట్టండి. అడ్మిన్‌కు ఎవరి సందేశాన్నయినా అందరి దగ్గరా తీసేసే వీలుంది. చేర్చినవాడి కంటే తీసేసేవాడు అవసరమైన రోజులు ఉంటాయి.

ప్రశ్న: గ్రూపులో ఎవరో ఏదో పెడితే అడ్మిన్‌ను అరెస్టు చేస్తారట కదా? నేను మూడు గ్రూపులకు అడ్మిన్‌ను.
– ఆర్., దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వేరొకరు పెట్టినదానికి కేవలం అడ్మిన్ అయినందుకు నేరం అంటగట్టలేమని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది. మీరే పెట్టినా, తెలిసి ప్రోత్సహించినా సంగతి వేరు. వర్గాల మధ్య చిచ్చు పెట్టే రాతలకు న్యాయ సంహితలో 196, పుకార్లతో కల్లోలం రేపడానికి 353 సెక్షన్లున్నాయి. ఐటీ చట్టంలోని పాత 66ఏ సెక్షన్ కింద కేసు పెడతామని ఎవరైనా బెదిరిస్తే, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసిందని చెప్పండి. కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలి అన్న సెట్టింగ్ ఆన్ చేసి, లింకు బహిరంగంగా పెట్టడం మానేస్తే మీ తలనొప్పి సగం తగ్గుతుంది. మూడింటికీ ఇంకో అడ్మిన్‌ను పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ ఆఖరి ఏడు. క్యాంపస్ సమస్యల మీద, చెట్ల మీద పోస్టులు పెడుతుంది, ధర్నా చౌక్‌కూ వెళ్లింది. వచ్చే ఏడు ఎమ్మెస్‌కు అమెరికా పంపాలనుకుంటున్నాం. అన్నీ డిలీట్ చేయమంటే ఇంట్లో పెద్ద లొల్లి అయింది. ఎవరిది కరెక్టు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీ భయానికి ఆధారం ఉంది. మీరు చెప్పిన మందు మాత్రం పనిచేయదు. అమెరికా వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో, గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలని 2019 నుంచి అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలకు దరఖాస్తు చేసేవాళ్లు ఖాతాల ప్రైవసీని పబ్లిక్‌లో పెట్టాలని కూడా చెప్పారు. ఐదేళ్లలో వాడి మూసేసిన ఖాతా అయినా రాయాల్సిందే. ఖాతా దాచడం పోస్టు కంటే పెద్ద చిక్కు, అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఇంటర్వ్యూకు వారం ముందు హడావుడిగా అన్నీ తుడిచేస్తే ఖాళీ గోడ కూడా ప్రశ్నే.

కాబట్టి తుడవడం కాదు, తల్లీకూతుళ్లు కూర్చుని చదవండి. ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ రెండింటిలోనూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'మీ డేటా డౌన్‌లోడ్' అని అడిగితే పాత పోస్టులు, కామెంట్లు అన్నీ ఒక ఫైలుగా వస్తాయి, కొన్ని గంటలు పట్టొచ్చు. చూడాల్సింది పోస్టుల కంటే కామెంట్లు. పోస్టు రాసేటప్పుడు మనిషి ఆలోచిస్తాడు, అర్ధరాత్రి వాదులాటలో రాసిన కామెంటులో బూతు, బెదిరింపు, 'చంపేయాలి' లాంటి మాట దొర్లి ఉంటుంది. తీయాల్సినవి అవి. చెట్ల కోసం రాసింది తీయనక్కర్లేదు, అది ఆమె పేరుకు మచ్చ కాదు. ఆమె పేరుతో దొంగ ఖాతాలేమైనా ఉన్నాయేమో కూడా వెతికి, ఉంటే రిపోర్ట్ చేయండి.

పాస్‌పోర్టు విషయంలో అడ్డొచ్చేది పోస్టు కాదు, కోర్టులో నడుస్తున్న క్రిమినల్ కేసు. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో పోలీసు అనుమతితో జరిగే సభకు వెళ్లడం నేరం కాదు. అనుమతి ఉందా, ఎన్ని గంటల వరకు అన్నది నిర్వాహకులను అడిగి వెళ్లమనండి. పోలీసులు చెదిరిపొమ్మన్నాక అక్కడే ఉండి లైవ్ పెట్టడం దగ్గరే చాలామంది పిల్లలు కేసుల్లో ఇరుక్కుంటారు. పక్కన నిలబడ్డ స్నేహితుల మొహాలు వాళ్లనడగకుండా పోస్టు చేయొద్దని కూడా చెప్పండి. మీ అమ్మాయికి ఇల్లు ఒప్పుకుంది, ఆ పక్కమ్మాయి ఇల్లు ఒప్పుకుందో లేదో.

ప్రశ్న: నిశ్చితార్థం అయ్యాక సంబంధం తప్పిపోయింది. ఆ అబ్బాయి దగ్గర నేను పంపిన కొన్ని వ్యక్తిగత ఫొటోలున్నాయి. మళ్లీ ఒప్పుకోకపోతే నెట్‌లో పెడతానని రాత్రుళ్లు మెసేజీలు. ఇంట్లో చెప్పలేదు. నంబర్ మార్చేయనా?
– పేరు వద్దు

జవాబు: నంబర్ మార్చకండి, చాట్ చెరపకండి, ఇంకా బ్లాక్ కూడా చేయకండి. మొదట సాక్ష్యం. బెదిరించిన ప్రతి మెసేజీ స్క్రీన్‌షాట్‌లో అతని నంబరు, తేదీ, టైము కనిపించాలి. పేరుతో సేవ్ చేసి ఉంటే, పేరు నొక్కి నంబరు కనిపించే పేజీ కూడా తీయండి. ఒకసారి చూస్తే మాయమయ్యే ఫొటోను స్క్రీన్‌షాట్ తీయనివ్వదు, ఇంకో ఫోన్‌తో ఫొటో తీయించండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. అసలు ఫోన్ మార్చకండి, అమ్మకండి, రేపు కోర్టులో అదే మూలం. ఇవన్నీ అయ్యాక ఒకే ఒక్క జవాబు రాయండి: 'నా ఫొటోలు ఎవరికీ పంపడానికి, ఎక్కడా పెట్టడానికి నేను ఒప్పుకోవడం లేదు.' ఆ తర్వాత బతిమాలడం, తిట్టడం ఏదీ వద్దు. డబ్బు అడిగితే రూపాయి కూడా ఇవ్వకండి, ఒకసారి ఇస్తే నెలనెలా అడుగుతాడు.

ఫిర్యాదుకు మూడు దారులు. cybercrime అన్న పేరుతో ఉన్న జాతీయ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకు వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. కానీ కేసు నడవాలంటే పేరుతో ఇవ్వడమే మేలు. మహిళలను వేధించేవాళ్ల పని పట్టడానికి 2014 నుంచి పనిచేస్తున్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌ దగ్గరికి వెళ్లొచ్చు. చాలా బెదిరింపులు ఆ దశలోనే, అతన్ని పిలిపించగానే ఆగిపోతాయి. లేదా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, 'మా పరిధి కాదు' అనడానికి వీల్లేదు. ఐటీ చట్టంలో 66ఈ, 67, 67ఏ సెక్షన్లు, బెదిరింపుకు న్యాయ సంహిత 351 వర్తిస్తాయి. సెక్షన్ నంబర్లు మీరు చెప్పనక్కర్లేదు, జరిగింది వరుసగా తేదీలతో ఒక పేజీలో రాసుకుని వెళ్లండి. అక్కడ మాట తడబడినా కాగితం తడబడదు.

ఫొటోలు బయటికి రాకముందే ఇంకొకటి చేయొచ్చు. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది, 18 ఏళ్లు దాటినవాళ్ల కోసం. మీ ఫోన్‌లోని ఫొటోను ఎంచుకుంటే దానికొక అంకెల ముద్ర తయారవుతుంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, ముద్ర మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ముద్రకు సరిపోలే ఫొటో ఎవరైనా ఎక్కిస్తే అడ్డుకుంటాయి. ఇందుకు ఆ ఫొటోలు మీ దగ్గర ఉండాలి, అందుకే భయపడి మీ కాపీలు చెరపొద్దు. దీని పరిమితి కూడా తెలుసుకోండి: అందులో చేరని వెబ్‌సైట్లలో, వాట్సాప్ చాట్‌లలో ఇది ఆపలేదు. ఒకవేళ అతను ఎక్కడైనా పెడితే ఆ లింకుతో కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు చేయండి. ఇలాంటి ఫొటోలను ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ నిబంధనలు చెప్పాయి, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును 2 గంటలకు తగ్గించారు.

ఇంట్లో ఒక్కరికి చెప్పండి. అమ్మ కాకపోతే అక్క, వదిన, పిన్ని, ఎవరైనా ఒకరు. అతని బలమంతా మీ ఇంట్లో తెలియకపోవడంలోనే ఉంది. తెలిసిన మరుక్షణం ఆ బెదిరింపు విలువ సగమవుతుంది.

ప్రశ్న: మా బస్తీలో ఒక ఆటో డ్రైవర్ కొడుక్కి ఆపరేషన్. నేను పోస్టు పెట్టి నా ఫోన్‌పే నంబర్ ఇచ్చాను. నాలుగు రోజుల్లో రెండు లక్షల పైన వచ్చింది. అమెరికాలో ఉన్న మా బావ స్నేహితులు కూడా పంపుతామంటున్నారు. ఏమైనా ఇబ్బందా?
– వి., అంబర్‌పేట

జవాబు: మంచి పనే. డబ్బు వచ్చిన దారే చిక్కు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50 వేలు దాటి ఊరికే వచ్చిన డబ్బు, ఎవరి ఖాతాలో పడితే వాళ్ల ఆదాయం కింద లెక్కకొస్తుంది. ఖాతా మీది, జవాబు చెప్పాల్సిందీ మీరే. వచ్చినదాంట్లో ఒక్క చెల్లింపు సైబర్ మోసం డబ్బు అయినా ఖాతా స్తంభించిపోయే ప్రమాదం ఉంది. ఇప్పుడే మీ నంబర్ తీసేసి, ఆసుపత్రి ఖాతా వివరాలు, రోగి రిజిస్ట్రేషన్ నంబర్ పెట్టండి. ఆసుపత్రులకు యూపీఐ పరిమితి 5 లక్షలు, కాబట్టి పెద్ద మొత్తానికీ ఇబ్బంది లేదు. ఇప్పటిదాకా వచ్చినదాన్ని నగదుగా తీయకుండా మీ ఖాతా నుంచి నేరుగా ఆసుపత్రికి పంపి, రసీదు పోస్టులో పెట్టండి.

బావ స్నేహితులను ఒకటే అడగండి: భారత పాస్‌పోర్టా, అమెరికా పాస్‌పోర్టా? భారత పౌరుడు అక్కడ సంపాదించి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తారు. వాళ్ల దగ్గర మీ సొంత ఖాతాలోకి తీసుకోకండి.

పోస్టులో పిల్లాడి మొహం, ఆధార్, రిపోర్టుల ఫొటోలు పెట్టి ఉంటే తీసేయండి. వాడు పెద్దయ్యాక కూడా అవి అక్కడే ఉంటాయి. కావాల్సిన మొత్తం రాగానే 'చాలు, ఇక పంపకండి' అని అసలు పోస్టులోనే, పై వరుసలో రాయాలి. కామెంటులో రాస్తే ఎవరూ చూడరు, ఆ పోస్టు మూడేళ్లు తిరుగుతూనే ఉంటుంది. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు కూడా పెట్టించండి. నిమ్స్ లాంటి చోటయితే చికిత్సకు ముందే ఎల్‌ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందన్న హామీ పత్రం, అడగొచ్చు.

ప్రశ్న: మా ఆవిడ ఒక మహిళా సహాయ గ్రూపులో వలంటీర్. అన్నం తింటున్నా, పడుకున్నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎవరెవరి కష్టాలో తలకెత్తుకుంటుంది, ఇంట్లో మాట్లాడటానికే తీరిక లేదు. మానేయమని చెప్పాలా?
– జి., నాగోల్

జవాబు: మానేయమనకండి. ఆమె ఏం చేస్తుందో ఒకరోజు పక్కన కూర్చుని అడిగారా? ఉత్తరంలో ఆ గ్రూపు ఏ పని చేస్తుందన్నది ఒక్క ముక్క కూడా లేదు. ముందు అదడగండి.

తర్వాత ఇద్దరూ కలిసి చూడాల్సింది గ్రూపు ఏర్పాటు. అర్ధరాత్రి ఆపదలో ఉన్న మహిళకు కావాల్సింది 181 లేదా 100, వాట్సాప్ వలంటీర్ కాదు. ఆ నంబర్లు గ్రూపు వివరణలో, పిన్ చేసిన సందేశంలో ఉండాలి. వలంటీర్లు నలుగురుంటే వారానికి ఒక్కొక్కరికీ ఒకటి రెండు సాయంత్రాలు వంతు వేసుకోవాలి, 'ఈ రోజు 6 నుంచి 9 వరకు ఫలానావారు' అని పొద్దునే పెట్టాలి. వంతు లేని రోజు గ్రూపు మ్యూట్. వంతున్న రోజు రాత్రి వంట, అంట్లు మీవి. అది ముందే ఒప్పుకుంటే, వంతు లేని రోజు భోజనాల దగ్గర ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టమని అడిగే హక్కు మీకూ వస్తుంది. మీ ఫోన్ కూడా దాని పక్కనే పెట్టాలి.